మంచుదేశానికి మన గాలి

మన పరిశ్రమల శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పత్రికలవారిని పిలిచి ఒక చారిత్రక ప్రకటన చేశారు. చారిత్రకం కాని ప్రకటన ఆయన చేయరు. పోయిన వారం ఆఫీసు మెట్లకి రంగు వేయించినప్పుడు చేసిందీ చారిత్రకమే. ఇది దానికంటే ఒక మెట్టు ఎక్కువ.

"ఇన్నాళ్ళూ మన గాలి మనమే పీల్చుకున్నాం. ఇకనుంచి ప్రపంచం పీలుస్తుంది. మన ఊళ్ళో తయారయ్యే సీలింగు ఫ్యాన్లు మంచుదేశంలో తిరగబోతున్నాయి. మన రెండు ఫ్యాన్ల కంపెనీలూ అక్కడ బ్రాంచీలు తెరిచాయి. ఇది మా ప్రభుత్వ దూరదృష్టికి నిదర్శనం" అన్నారు మంత్రిగారు.

నేను మంత్రిగారి పేషీలో ప్రెస్ నోట్లు రాస్తాను. 'దూరదృష్టి' నేను వేసిందే. ఆయన 'ముందుచూపు' అన్నారు గానీ, అది మెట్ల రంగుకి వాడేశాం.

వెనక వరసలో ఒక విలేఖరి ఉంటాడు. ఆయన పత్రిక ఎవరూ చదవరు కనక ప్రశ్నలు ధైర్యంగా అడుగుతాడు. లేచి నిలబడ్డాడు.

"అక్కడ ఏడాది పొడుగునా మంచు కురుస్తుందట కద సార్. ఫ్యాన్లెవరు కొంటారు?"

మంత్రిగారు జాలిగా నవ్వారు. "ఆ దేశం మొత్తం మీద ఒక్క ఇంట్లో కూడా ఫ్యాను లేదయ్యా. ఒక్క ఇంట్లో కూడా లేదంటే ఎంత పెద్ద మార్కెట్టో ఆలోచించు."

"లేకపోడానికి కారణం..."

"గత ప్రభుత్వం."

అందరూ రాసుకున్నారు.

"అక్కడికి వెళ్ళాలని అసలు ఎవరికి తోచింది సార్?"

"ఒక కంపెనీ వెళ్తే అది సాహసం అనుకుందాం. రెండు కంపెనీలు వెళ్ళాయంటే అది పాలసీ. ఇంతమంది తెలివైనవాళ్ళు తెలివి లేకుండా వెళ్తారా?" అన్నారు మంత్రిగారు. చప్పట్లు ముందు నేను కొట్టాను. అది నా డ్యూటీలో భాగం.

ఆ రెండు కంపెనీల గురించి తెలియనివారికి రెండు మాటలు. ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా ఉంటాయి. ఒకదానికి మొదట్లో మూడు రెక్కల ఫ్యానుతో పేరొచ్చింది, రెండోదానికి నాలుగు రెక్కల ఫ్యానుతో. అందుకని ఊరంతా మూడురెక్కలవాళ్ళు, నాలుగురెక్కలవాళ్ళు అనే అంటారు. బోర్డుల మీద వేరే పేర్లున్నాయి గానీ వాటిని పోస్టుమాన్ తప్ప ఎవరూ చదవరు.

మూడురెక్కలవాళ్ళు గేటుకి నీలంరంగు వేయిస్తే మర్నాటికి నాలుగురెక్కలవాళ్ళ గేటూ నీలమే. వాళ్ళు క్యాంటీన్లో బల్లలు తీసేసి నిలబడి తినే ఏర్పాటు చేస్తే, వీళ్ళ కార్మికులూ సాయంత్రానికల్లా లేచి నిలబడ్డారు. అసలు సంగతేమిటంటే బల్లలకి చెదలు పట్టింది. ఒకసారి అవతలి వాచ్‌మన్ కాలు బెణికి కుంటుతుంటే, ఇవతలి ఓనరు తన వాచ్‌మన్ని పిలిచి, "ఆ నడకలో ఏదో ఉంది, కనుక్కో" అన్నాడని చెప్పుకుంటారు. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట అయి ఉంటుంది.

రెండు కంపెనీలకీ మార్కెట్ రీసెర్చ్ డిపార్టుమెంట్లు ఉన్నాయి. మేడ మీద రోడ్డువైపు గది, గదికి కిటికీ, కిటికీ దగ్గర కుర్చీ, కుర్చీలో పెద్ద చదువులు చదివిన ఆఫీసరు, ఆయన మెడలో బైనాక్యులర్స్. ఎదుటి గేటులోంచి ఏం వెళ్తోంది, ఏం వస్తోంది చూడడం ఆయన పని. భోజనానికి కూడా కిటికీ వదలకూడదు.

మా ఆవిడ మూడురెక్కల కంపెనీలో వైండింగ్ సెక్షన్ ఇన్‌చార్జి. ఫ్యాను మోటారులో రాగితీగ చుట్టేది ఆ సెక్షనే. ముప్ఫై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళలో చాలామంది ఇళ్ళకి వాళ్ళ జీతమే ఆధారం. రెక్కలు ఎవడైనా బిగిస్తాడు, ఫ్యాను ప్రాణం మాత్రం మా షెడ్డులో ఉందంటుంది మా ఆవిడ. ప్రభుత్వం ప్రాణం ప్రెస్ నోట్లో ఉందని నేనన్నప్పుడు మాత్రం నవ్వింది.

సోమవారం సాయంత్రం ఆమె చిక్కుళ్ళు ఒలుస్తుంటే నా ప్రెస్ నోటు చదివి వినిపించాను. దూరదృష్టి దగ్గర ఆపింది.

"మా ఓనరు మొదట మంచుదేశం ఎందుకెళ్ళాడో తెలుసాండీ మీకు?"

"మార్కెట్ స్టడీకి."

"చెమటకాయలకి."

నేను కాగితం మడిచాను.

"ఒళ్ళంతా పేలిపోయిందట. వీపు ఆనించి కూచోలేక పోయాడట. ఎక్కడైనా చల్లటి చోట నెల్లాళ్ళు ఉండిరమ్మన్నాడు డాక్టరు. ఫ్యాన్ల కంపెనీ ఓనరు ఉక్కపోతకి పారిపోయాడంటే పరువు పోతుందని గుట్టుగా వెళ్ళాడు. డ్రైవరు చెప్పాడు నాకు."

తర్వాతి కథ ఇది. ఎండలు మండిపోతున్న రోజుల్లో మూడురెక్కల ఓనరు కారులోకి స్వెట్టర్లు ఎక్కించడం ఎదురు కిటికీలోంచి కనబడింది. ఎక్కడికి వెళ్తున్నాడో ఆరా తీశారు. ఎందుకో మాత్రం తెలియలేదు. నాలుగురెక్కల ఓనరు అప్పటికప్పుడు మీటింగు పెట్టి, "మనకి తెలియకుండా వెళ్ళాడంటే అక్కడ ఏదో ఉంది" అన్నాడు. పదిహేను రోజుల్లో మంచుదేశంలో బ్రాంచి తెరిచాడు. అక్కడ ఒళ్ళు చల్లబడి హాయిగా షికారుకి బయల్దేరిన మూడురెక్కల ఓనరు, నడివీధిలో నాలుగురెక్కల బోర్డు ఎక్కిస్తుండగా చూశాడు. వీళ్ళు ఊరికే రారు, ఏదో పసిగట్టారు అనుకున్నాడు. సాయంత్రంలోగా సరిగ్గా ఎదురుగుండా షాపు అద్దెకి తీసుకున్నాడు.

"అంటే ఇద్దర్లో ఎవరికీ ఏమీ తెలీదంటావా?" అన్నాను.

"అవతలివాడికి తెలుసని ఇద్దరికీ తెలుసు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారే, ఇక్కడ పులి కూడా లేదండీ. రెండూ నక్కలే."

చెమటకాయలు ప్రెస్ నోట్లో బాగుండవని చెప్పాను. చిక్కుళ్ళు ఒలవడంలో పడిపోయింది.

తర్వాతి నెలలో మంత్రిగారు బ్రాంచీల ప్రారంభోత్సవానికి మంచుదేశం వెళ్ళారు. వెంట నన్నూ తీసుకెళ్ళారు. రెండు షాపుల్లో ఏది ముందు ప్రారంభించాలో తేలక పెద్ద పేచీ వచ్చింది. చివరికి రెండు షాపుల్లోంచీ వైర్లు రోడ్డు మధ్యకి లాగారు. మంత్రిగారు మంచులో నిలబడి, కుడిచేత్తో ఒక స్విచ్చి, ఎడంచేత్తో ఒక స్విచ్చి ఒకేసారి నొక్కారు. రెండు షాపుల్లోనూ ఫ్యాన్లన్నీ గిర్రున తిరిగాయి. లోపలున్న అతిథులు ఒక్క ఉదుటున బయటికొచ్చేశారు. ఆ ఊరి మేయరుగారు కోటు మీద కోటు తొడుక్కుని అదే పనిగా చప్పట్లు కొట్టారు. ఆపితే చేతులు కొంకర్లు పోతున్నాయట. 'మిన్నుముట్టిన హర్షధ్వానాలు' అని రాశాను.

"అమ్మకాలు ఎలా ఉన్నాయి?" అని మంత్రిగారు మూడురెక్కల మేనేజరుని అడిగారు.

"మొదటి వారమే బ్రహ్మాండంగా పోయాయి సార్."

"ఎవరు కొన్నారు?"

"ఎదురు షాపువాళ్ళు సార్. మా ఫ్యాన్లో ఏముందో విప్పి చూద్దామని."

"మరి వాళ్ళ అమ్మకాలు?"

"బాగానే ఉన్నాయి సార్. మేం కొంటున్నాంగా. వాళ్ళు మావి కొన్నదానికంటే మేమే ఎక్కువ కొన్నాం." ఈ మాట అంటున్నప్పుడు ఆయన ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

మంత్రిగారు నావైపు తిరిగి, "గిరాకీ రోజురోజుకీ పెరుగుతోంది. రాసుకో" అన్నారు.

జనంలో ఆ ఊరి పెద్దమనుషులిద్దరు ఎడంగా నిలబడి ఉన్నారు. మంచు ఎత్తిపోసే పారలు తయారుచేసే కంపెనీలు ఆ ఊళ్ళో రెండున్నాయి. వాటి ఓనర్లు వాళ్ళు. వాళ్ళు ఫ్యాన్ల వంక చూడలేదు, మా వంక చూస్తున్నారు. ఒకాయన నా దగ్గరికొచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో, మీ ఊరు ఎలా ఉంటుందని అడిగాడు. అద్భుతంగా ఉంటుందని నాకు వచ్చినంత ఇంగ్లీషులో చెప్పాను. జీతం తీసుకుంటున్నాక తప్పదు.

మేం తిరిగొచ్చేసరికి గిరాకీ పెరుగుతోందన్న వార్త పేపర్లలో వచ్చింది. ఆ వార్త చదివి ఓనర్లిద్దరూ ఉలిక్కిపడ్డారు. ఇక బ్రాంచీలతో లాభం లేదు, ఫ్యాక్టరీలే అక్కడికి తరలించాలన్నారు. ముందుగా వెళ్ళేది వైండింగ్ యంత్రాలు. పెట్టెలు కొట్టడానికి వడ్రంగులొచ్చారు. రోడ్డుకి అవతలా వచ్చారు, ఇవతలా వచ్చారు.

ఆ రోజు మా ఆవిడ ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఏడ్చింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె ఏడవగా నేను చూడడం అదే మొదలు. నాకేం చెయ్యాలో తోచక మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

"ముప్ఫై మందిమండీ. వాళ్ళకి రేపు నేనేం చెప్పను? మీరు రోజూ మంత్రిగారి పక్కనే ఉంటారుగా, ఒక్కమాట చెప్పలేరూ?"

చెప్పాను. మర్నాడు మంత్రిగారు మంచి హుషారుగా ఉన్న వేళ చూసి చెప్పాను.

"సార్, వైండింగ్ సెక్షన్ మూసేస్తున్నారు."

"మూసెయ్యడం అనకూడదయ్యా. ప్రపంచానికి తెరవడం అనాలి."

"ముప్ఫై మంది ఆడవాళ్ళు సార్..."

"ఏమంటారు? మంచుదేశం వెళ్తామంటారా?"

"లేదు సార్. ఇక్కడే పని కావాలంటున్నారు."

"సంకుచిత దృష్టి" అని మంత్రిగారు నిట్టూర్చారు. "దాని మీద ఒక నోటు రాయి."

రాశాను. నాకు సిగ్గేసింది. సాయంత్రం చుట్టుదారిన ఇంటికెళ్ళాను.

నా వల్ల అయ్యేది లేదని మా ఆవిడకి నా మొహం చూడగానే తెలిసిపోయింది. మర్నాడు తనే ఓనరు గదిలోకి వెళ్ళింది.

"యంత్రాలు ఎందుకు పంపిస్తున్నారు సార్?"

"ఎదుటివాళ్ళు పంపిస్తున్నారమ్మా!" అన్నాడు ఓనరు, ఇంత తేలిక విషయం అడుగుతుందేమిటన్నట్టు.

ఆమె తిన్నగా రోడ్డు దాటి, నాలుగురెక్కల ఓనరు గదిలోకి వెళ్ళింది. ఎదుటి కంపెనీ మనిషి తనంత తనే లోపలికి రావడంతో ఆయన ఆత్రంగా కుర్చీ వేయించాడు.

"మీరు యంత్రాలు ఎందుకు పంపిస్తున్నారు సార్?"

"అదేమిటమ్మా, మీ ఓనరు పంపిస్తున్నాడుగా!"

సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు ఆమె మొహం కళకళలాడుతోంది. రెండుసార్లు అన్నం వడ్డించుకుంది. ఏమిటి సంగతంటే చెప్పలేదు.

మర్నాడు ఉదయం పెట్టెలన్నీ లారీకి ఎక్కించి గేటు దగ్గర పెట్టారు. ఓనరు ఇంకా రాలేదు. చెమటకాయలు మళ్ళీ లేచి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. మా ఆవిడ తన సెక్షన్ వాళ్ళందరినీ వెంటబెట్టుకుని గేటు దగ్గరికొచ్చి, పెట్టెలు ఒక్కొక్కటే దింపించి తిరిగి లోపలికి మోయించింది. మోసేవాళ్ళని నవ్వుతూ మొయ్యమంది. ఎదురు కిటికీలో బైనాక్యులర్స్ కదలడం చూసి, వీధి చివరిదాకా వినబడేలా అరిచింది.

"నెమ్మదిగా తేండే! ఎవరి కంటా పడకూడదు!"

మధ్యాహ్నానికి మూడురెక్కల ఓనరు వచ్చాడు. షెడ్డులో పెట్టెలు చూసి మండిపడ్డాడు.

"ఎవరు దింపమన్నారు?"

"నేనే సార్" అంది మా ఆవిడ.

"నువ్వెవరమ్మా దింపించడానికి? నీ ఉద్యోగం..." అంటుండగానే మార్కెట్ రీసెర్చ్ ఆఫీసరు మేడ మీంచి రొప్పుకుంటూ దిగొచ్చాడు. కిటికీ వదిలి ఆయన రావడం కంపెనీ పెట్టాక అదే మొదటిసారి.

"సార్! వాళ్ళ లారీ సగం దారిలోంచి వెనక్కొచ్చేసింది! పెట్టెలన్నీ లోపలికి మోసేస్తున్నారు!"

"ఎందుకు?"

"తెలీదు సార్. అడిగితే చెప్పట్లేదు."

ఓనరు చేతికందిన పెట్టె మీద కూచున్నాడు. వీపు గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. "చెప్పట్లేదంటే అక్కడేదో మునిగిందన్నమాట. మంచుదేశంలో షాపులన్నీ మూసెయ్యండి. ఇవాళే. వాళ్ళకంటే ముందు మనం మూసెయ్యాలి" అన్నాడు. తర్వాత మా ఆవిడతో, "మంచిపని చేశావమ్మా. కనిపెట్టి ముందే దింపించావు" అన్నాడు.

వారం తిరిగేసరికి మంచుదేశంలో ఒక్క షాపు లేదు. తాళాలు కూడా సరిగ్గా వెయ్యకుండా రెండు కంపెనీలవాళ్ళూ ఇంటికి పరిగెత్తుకొచ్చారు. సెక్షన్ వాళ్ళు చందాలు వేసుకుని మిఠాయి తెచ్చి పంచుకున్నారు. మంత్రిగారు మాత్రం కాసేపు చిన్నబుచ్చుకున్నారు. నేను 'విజయవంతంగా ముగిసిన మంచుదేశ యాత్ర, స్వదేశానికి తిరిగొచ్చిన మన గాలి' అని రాసి చూపించాక తేరుకున్నారు.

అయితే ఇది మంచుదేశంలో పారల కంపెనీ పెద్దమనుషులిద్దరికీ వేరేగా కనబడింది. ఎక్కడినుంచో రెండు కంపెనీలు వచ్చాయి. వచ్చినట్టే వచ్చి, ఉన్నట్టుండి ఇంటికి పరుగు తీశాయి. ఊరికే ఎవరైనా అంత పరుగు తీస్తారా? ఆ ఊళ్ళో ఏదో ఉంది. మొదటాయన టిక్కెట్టు కొన్నాడని తెలిసి రెండో ఆయనా కొన్నాడు.

మంత్రిగారు మళ్ళీ పత్రికలవారిని పిలిచారు. "మన అభివృద్ధిని చూసి విదేశాలే మన గుమ్మంలోకి నడిచొస్తున్నాయి. మంచు పారల పరిశ్రమలు రెండు మన ఊళ్ళో వెలుస్తున్నాయి" అన్నారు. వెనక వరస విలేఖరి చెయ్యి ఎత్తబోయి, మళ్ళీ దించేశాడు. జవాబు తనే రాసుకున్నాడు.

పారలవాళ్ళకి షెడ్లు కావలసి వచ్చాయి. నాలుగురెక్కల ఓనరు తన వైండింగ్ షెడ్డు ఒకాయనకి ఇచ్చేశాడు. ఆ కబురు తెలియగానే మూడురెక్కల ఓనరు తన వైండింగ్ షెడ్డు రెండో ఆయనకి ఇచ్చేశాడు. యంత్రాల మీద టార్పాలిన్ కప్పి పెరట్లో పెట్టించాడు. అదేమిటి సార్ అని మా ఆవిడ అడిగితే, ఓదార్పుగానే చెప్పాడు.

"మీకేం పోయిందమ్మా? తీగలు చుట్టే చేతులు పారలకి పిడులు బిగించలేవా? ఆయన ఒక నెల చూస్తానన్నాడు. వ్యాపారం ఉందనిపిస్తే మీరంతా అక్కడే ఉంటారు. లేదనిపిస్తే ఇళ్ళకి పోతారు."

ఆ నెలలో షెడ్డులో తళతళలాడే వెడల్పాటి పారలు కప్పు దాకా పేరుకున్నాయి. అటుగా వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర ఆగి, ఇవి దేనికని అడిగేవారు. కొనేవాళ్ళు మాత్రం రాలేదు. పారలాయన రోజూ పొద్దున్నే బయటికొచ్చి, చొక్కా వీపుకి అంటుకుపోతుండగా ఆకాశం వంక చూసి, లోపలికి వెళ్ళిపోయేవాడు.

నెలాఖరున ఆయన ఇన్‌చార్జిని పిలవమన్నాడు. ఇంగ్లీషు కోసం నన్నూ పిలిపించారు. మంచుదేశం వాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడొచ్చినవాణ్ణని ఊళ్ళో నాకు పేరు. షెడ్డులో ముప్ఫై మందీ పిడులు చేత్తో పట్టుకుని పని ఆపేసి నిలబడ్డారు. ఏం జరగబోతోందో అందరికీ తెలుసు.

పారలాయన మొహం తుడుచుకుని గొంతు తగ్గించి అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

"నువ్వు ఈ ఊరిదానివి కనక అడుగుతున్నారు. దాచకుండా చెప్పమంటున్నారు. ఇక్కడ మంచు ఎప్పుడు కురుస్తుందట?"

మా ఆవిడ ఆయన వంక చూసింది. వెనక్కి తిరిగి తన వాళ్ళ వంక చూసింది. అందులో ఒకావిడ కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది.

"ఎదురు షెడ్డాయన కూడా నిన్న నన్ను పిలిచి ఇదే అడిగారని చెప్పండి" అంది మా ఆవిడ.

చెప్పాను. పారలాయన కుర్చీలోంచి లేచిపోయాడు.

"నువ్వేం చెప్పావని అడుగుతున్నారు."

"ఆయనకి మాత్రం చెప్పలేదనండి."

అదీ చెప్పాను. పారలాయన మా ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. నాతో చెయ్యి కలిపాడు. తలుపు దగ్గరున్న వాచ్‌మన్‌తో కూడా కలిపాడు. మంచు సంగతి మళ్ళీ అడగలేదు. సాయంత్రం లోపల రెండో షిఫ్టు పెట్టమనీ, ఇంకో ముప్ఫై మందిని తీసుకోమనీ ఆర్డరు వేశాడు.

ఆవేళ ఇంటికొచ్చాక మా ఆవిడ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూచుంది. మా ఇంట్లో ఫ్యాను కాలిపోయి పదిరోజులైంది. ఊళ్ళో తీగ చుట్టేవాళ్ళంతా పారలకి పిడులు బిగిస్తున్నారు. మంత్రిగారి బొమ్మ ఉన్న పేపరు మడిచి విసురుకుంటోంది.

"మీరు చూశారుగా. మంచంటే ఎలా ఉంటుందండీ?" అని అడిగింది.

"చల్లగా ఉంటుంది" అన్నాను.

"పోన్లెండి, కురిస్తే కురవనీండి" అంది.